వానలు మొదలయ్యేలోపు ఆకుకూరలు, గుగ్గిళ్ళ జాగ్రత్తలు

నాలుగు చినుకులు పడితే చాలు, మా ఇంట్లో ఆకుకూరలకి సెలవు. బురద, పురుగులు, తింటే కడుపు పాడవుతుందని అమ్మ భయం. అందులో నిజం ఉంది, కాదనను. కానీ "శ్రావణంలో వాయనం శనగలు ఎలాగూ బోలెడు వస్తాయి, అవి తింటే అదే బలం" అంటుంది చూడండి, అక్కడే నాకు పేచీ.

ఉడికిన కాబూలీ శనగలు 100 గ్రాములు తింటే దాదాపు 9 గ్రాముల ప్రొటీన్, 7 గ్రాములకు పైగా పీచు. అంతే ఉడికిన పాలకూరలో ప్రొటీన్ 3 గ్రాములే. ఐరన్‌లో పాలకూరది కాస్త పైచేయి, కానీ రెండిట్లోనూ ఉన్న ఐరన్ ఒంటికి పట్టడం కష్టమే కాబట్టి నిమ్మకాయ పిండాల్సిందే. ఇక విటమిన్ ఎ, సి, కె దగ్గరికొస్తే శనగలు చేతులెత్తేస్తాయి. అందుకే రెండు నెలలు ఆకుకూర పూర్తిగా మానేయొద్దు, కడగడం మార్చండి చాలు.

ఎలాగంటే, తోటకూర వేళ్ళు కోసేసి, ఆకు వెనక పురుగు గుడ్లు చూసి, తరగకముందే పెద్ద బేసిన్ నీళ్ళలో ముంచి, ఆకుని చేత్తో పైకి తీయాలి. బేసిన్‌ని జల్లెడలోకి వంపేస్తే అడుగున చేరిన ఇసుకంతా మళ్ళీ ఆకు మీదికే వస్తుంది (నేను ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే). అడుగు తేటగా కనిపించేదాకా మూడు నాలుగుసార్లు నీళ్ళు మార్చండి, వానాకాలం పచ్చిగా మాత్రం తినొద్దు. ఆషాఢంలో పెద్దవాళ్ళు తినమనే మునగాకు నాకు ఇందుకే నచ్చుతుంది, చెట్టు మీద ఉంటుంది కాబట్టి నేల బురద అంటదు.

గింజలకీ జాగ్రత్త కావాలి. వాయనం శనగలు ప్లాస్టిక్ కవర్లో సాయంత్రమంతా ఉక్కపోతకి జిగురొచ్చి పుల్లటి వాసన వేస్తే మొహమాటపడకుండా పారేయండి. రాజ్మా అయితే ఇంకా గట్టిగా చెప్తాను: రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, తర్వాత వేళ్ళ మధ్య మెత్తగా నలిగేదాకా ఉడికించాలి. సన్నటి సెగ మీద సగం ఉడికిన నాలుగైదు గింజలు చాలు, వాంతులు మొదలవడానికి.

ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్ళుంటే పాలకూర, తోటకూర ఎంత తినొచ్చో డాక్టర్ని అడగండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూర ఒక్కసారిగా పెంచొద్దు, మానొద్దు, రోజూ తినే మోతాదులోనే తినాలి.

అన్నట్టు, గుగ్గిళ్ళు తింటూ టీ తాగితే ఆ ఉన్న కాస్త ఐరన్ కూడా సరిగ్గా పట్టదు, గంట ఆగండి. వాన పడుతుంటే ఆగడం కష్టమేననుకోండి.