ఆదివారం కనిపించని విశ్వాసిని ఆదరించడం ఎలా?

ఒక విశ్వాసి వరసగా రెండు ఆదివారాలు ఆరాధనకు రాకపోతే మూడోది వచ్చేదాకా ఆగకండి. నెల గడిచాక "ఆ ఇంటోళ్లు కనవడ్తలేరు" అనుకునేసరికి ఆ మనిషికి ఇంట్లోనే ఉండిపోవడం అలవాటైపోతుంది. ఒకరికొకరు బుద్ధి చెప్పుకొమ్మన్న హెబ్రీ 3:13లో "ప్రతిదినమును" అనే మాట ఉంది. మనసు కఠినపడేది ఒక్కరోజులో కాదు కదా.

వెళ్లేముందు ఆ మనిషికి ఏం కావాలో తేల్చుకోండి. 1 థెస్సలొనీక 5:14లో పౌలు వేరువేరుగా చెప్పాడు: అక్రమంగా నడిచేవారికి బుద్ధి, ధైర్యం చెడినవారికి ధైర్యం, బలహీనులకు ఊత. ఇవి తారుమారైతేనే సంఘాల్లో గాయాలు. బోరు ఎండి, పత్తికి పెట్టిన పెట్టుబడి మునిగిన రైతుకు "ప్రార్థన తగ్గింది, అందుకే" అని బుద్ధి చెప్తే అతను మళ్లీ మందిరం గడప తొక్కడు. అతనికి కావలసింది ధైర్యం. మంచం పట్టిన ముసలామెకు ధైర్యపు మాటలు చాలవు. నల్గొండ ఆసుపత్రికి తోడు పోయే మనిషి కావాలి.

నాట్ల కాలంలో, పత్తి ఏరే రోజుల్లో పగలు ఎవరూ దొరకరు. రాత్రి ఏడు దాటాక వెళ్లండి. ఇద్దరు చాలు, ఆడవాళ్ల దగ్గరికైతే అందులో ఒక సహోదరి తప్పనిసరి. పదిమంది పోతే అది కూటమే అవుతుంది, ఎవరూ మనసు విప్పరు. పైగా అంతమందికి చాయ్ పెట్టాలంటే పాలు కొనాలి, అప్పుల్లో ఉన్న ఇంటికి అదీ బరువే.

"ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకండి, లెక్క అడిగినట్టుంటుంది. "వదినా, ఆదివారం నువ్వు కనవడకపోతే మనసున వట్టలేదు. పానం ఎట్లున్నది?" అనండి, ఆగండి. ఆమె చీర కొంగు సవరించుకుంటూ "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటుంది. అక్కడే చాలామంది తొందరపడి వాక్యం అందుకుంటారు. అందుకోవద్దు. ఇంకో నిమిషం ఊరికే కూర్చోండి, అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే, నోరు తెరిచాకే చెడింది.

వాక్యం ఒక్కటే చదవండి. 13వ కీర్తన ఆరు వచనాలే. "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణి అడిగినవాడు అవిశ్వాసి కాడని వినేవాళ్లకు అదే తెలుస్తుంది, వివరణ అక్కర్లేదు. ప్రార్థన రెండు నిమిషాలు దాటకూడదు. వాళ్లు చెప్పిన సంగతినే దేవునికి చెప్పండి. ప్రార్థన పేరుతో ప్రసంగం చేయకండి. మొత్తం అరగంటలో లేవండి.

"ఏమన్నా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "శుక్రవారం పొద్దుగాల పిల్లను బడి కాడ నేనే దింపుత" అని రోజుతో సహా చెప్పండి, చేయండి. తిండి, బట్ట లేనివానితో "సమాధానముగా వెళ్లుడి" అని ఊరుకుంటే ఏమి ప్రయోజనమని యాకోబు 2:16 అడుగుతుంది. డబ్బు మాత్రం ఒంటరిగా మాటివ్వకండి. సంఘ పెద్దలతో మాట్లాడి, చేతిలో ఉన్నంతే ఇవ్వండి.

మూడు విషయాల్లో చాలా జాగ్రత్త. ఆ ఇంట్లో విన్నది మహిళా సమాజంలో ప్రార్థన మనవిగా బయటపెట్టకండి. నమ్మకం పోయేది ఎక్కువగా అట్లనే. విశ్వాసం పేరు చెప్పి మందులు ఆపమనకండి. "బతకాలని లేదు" అనే మాట వినబడితే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఆసుపత్రికి తీసుకుపోండి.

వారంలోపు మళ్లీ వెళ్లండి. ఈసారి పది నిమిషాలు చాలు.

పాలమూరు నుంచి ముంబై, పూణెలకు పనికి పోయినవాళ్లను మాత్రం సంఘం త్వరగా మర్చిపోతుంది. వాళ్ల ఫోన్ నంబర్లు సంఘం పుస్తకంలో రాసుకొని, ఒక్కో కుటుంబాన్ని ఒక్కో విశ్వాసికి అప్పగించండి. ఆదివారం రాత్రి ఫోన్ చేసి 121వ కీర్తన చివరి వచనం చదివితే చాలు: "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును." పండుగకు ఊరొచ్చిన ఆదివారం వాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టకండి. ఆ రోజు వాక్యపఠనం వాళ్లకే ఇవ్వండి, ఏ అధ్యాయమో శనివారమే చెప్పండి.