సోయా పసుపెక్కిందా? యూరియా సంచి ఇప్పే ముందు ఏ ఆకో చూడున్రి

జులై వచ్చిందంటే మహారాష్ట్ర నాందేడ్ జిల్లాల మా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ దిక్కు ఒక్కటే ముచ్చట, సోయా పసుపెక్కింది ఏం కొట్టాలె అని. దుకాణపాయన ఓ డబ్బా చేతుల పెడ్తడు, పక్క చేనాయన యూరియా చల్లమంటడు, నేను గూడ రెండేండ్లు గట్లనే చల్లిన, సోయా మారలే గని గడ్డి మాత్రం మోకాలెత్తు వచ్చింది. మన నల్లరేగడి చానా చేన్లల్ల సున్నం ఎక్కువ, పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత, 7 నడిమిది) 8 దాటుతది. ఇనుము, జింకు భూమిల ఉన్నా కరగవు, కరగకపోతే వేరు గుంజలేదు. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే కరిగే జింకు 100 వంతులు తగ్గుతది, ఇనుమైతే 1000 వంతులు.

సున్నం ఉందో లేదో చూసుడు అల్కనే. ఎండిన మట్టిపెళ్ల మీద బాత్రూం కడిగే యాసిడ్ నాలుగు చుక్కలు ఎయ్యున్రి (చెయ్యికి, కంటికి దూరం). మా చేన్ల కింది కొస మట్టి సోడా కొట్టినట్టు బుస్సుమని నురగలొచ్చింది, పై కొస మట్టి చప్పుడే చెయ్యలే. ప్రతి ఏడు పసుపెక్కేది కింది కొసనే.

కొస ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగ

ఇది ఇనుము. వానలు పడి చేన్ల నీళ్లు నిలిస్తే ఎక్కువైతది, ఎందుకంటే గాలాడని మట్టిల బైకార్బొనేట్ పెరిగి ఇనుమును అందనియ్యదు. ఇగ ఆ టైంల యూరియా చల్లితే అది నైట్రేట్ అయి, వేరు ఆ నైట్రేట్ తాగి చుట్టూ పీహెచ్ ఇంకింత పెంచుతది. నా రెండేండ్ల యూరియా గట్ల పోయింది.

ముందుగాల కాలువ తీసి నీళ్లు ఎల్లగొట్టున్రి. తర్వాత లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అంటే 15 లీటర్ల పంపుకు 75, 15 గ్రాములు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి తర్వాత అన్నభేది ఎయ్యాలె, అప్పటికప్పుడు కలిపి సాయంత్రం కొట్టాలె, నీళ్లు తుప్పు రంగుకొస్తే పారబొయ్యున్రి. పది రోజులకు ఇంకోసారి. అన్నభేది భూమిల చల్లుడు మాత్రం దండుగ, సున్నపు మట్టిల జల్దిన తుప్పు పడ్తది. చీలేటెడ్ ఐరన్ (తుప్పు పట్టకుంట మందుతోని కట్టిపెట్టిన ఇనుము) భూమికి ఇయ్యాలంటే డబ్బా మీద ఈడీటీఏ అని ఉంటే తీసుకోకున్రి, మన పీహెచ్‌కు అది నిలవదు, ఈడీడీహెచ్ఏ నిలుస్తది గని ధర మస్తు.

పసుపు మచ్చలు మచ్చలుగ, ఈనెలతోని సంబంధం లేకుంట ఉంటే అది తెల్లదోమ తెచ్చే మొజాయిక్, దానికి అన్నభేది పనికిరాదు.

వరిల తుప్పు మచ్చలు, మక్కల తెల్ల చారలు

నాటేసిన రెండు నుంచి నాలుగు వారాలల్ల కింది ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి వరి ఎదగకపోతే జింకు అనుకోవాలె. మక్కకైతే కొత్త ఆకు మొదట్ల, నడిమి ఈనెకు రెండు దిక్కుల తెల్ల పట్టీలొస్తయి.

దీని ఎనక మనం ఏటేటా కుమ్మరించే డీఏపీ ఉంటది. భాస్వరం పేరుకపోతే జింకు పైకి సరిగ ఎక్కదు. ఇంకో తప్పు మన చేతులతోనే చేస్తం, ఎట్లా ఒక్కటే ఖర్చు గదా అని విత్తే మిషన్ డబ్బాల డీఏపీ, జింక్ సల్ఫేట్ కలిపి పోస్తం. రెండు కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేట్ అయితది, జింకు పైసలు పాయె.

ఆఖరి దుక్కిల ఎకరాకు 10 కిలోల జింక్ సల్ఫేట్ (21 శాతంది), వరికైతే 20, పెంట ఎరువుల కలిపి ఏరేగ చల్లున్రి, రెండు మూడు పంటలకు ఒకసారి చాలు. పంట నిలబడి ఉంటే లీటరుకు 2 గ్రాములు పిచికారి, అదే పంపుల 12-61-0 (నీళ్లల్ల కరిగే భాస్వరం ఎరువు) కలపొద్దు.

డీఏపీ బదులు సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్) ఎయ్యొచ్చు, దాంట్ల గంధకం 11 శాతం ఉంటది. 50 కిలోల డీఏపీల 23 కిలోల భాస్వరం, అది సూపర్ల రావాలంటే దగ్గెర దగ్గెర మూడు సంచులు, నత్రజనికి 20 కిలోల యూరియా తోడు. మోత ఎక్కువే, కాదంటలే. గని గంధకం ఉంది గదా అని మొత్తం చేను పీహెచ్ దిగుతదని ఆశపడకున్రి, సున్నం దేన్నైనా మింగుతది.

జిప్సం ఎయ్యమని ఎవలన్నా అంటే అది సోడియం చౌడుకు. మన దగ్గెర కాల్షియం ఎక్కువై చస్తున్నం.

మట్టి పరీక్ష సగ్రోళి కేవీకేల (కృషి విజ్ఞాన కేంద్రం) అడుగున్రి, కాయితం మరాఠీల వస్తది, 'జస్త' అంటే జింకు, 'లోహ' అంటే ఇనుము. జస్త 0.6, లోహ 4.5 పీపీఎం (పది లక్షల వంతులల్ల ఎన్ని వంతులో ఆ లెక్క) కంటే తక్కువుంటే చేన్ల కొరత ఉన్నట్టు.

కొట్టేటప్పుడు రెండు సాళ్లు ఇడిసిపెట్టున్రి. వారానికి కొట్టిన దగ్గెర కొత్త ఆకు పచ్చగొచ్చి ఇడిసిన సాళ్లు గట్లనే ఉంటే మనం పట్టింది సరే. ఏం తేడా లేకుంట కింది ముదురు ఆకులే మొత్తం పసుపైతే ఓ మొక్క పీకి గాలిల నత్రజని పట్టే వేరు బుడిపె గోటితోని కొయ్యున్రి, లోపల గులాబి రంగు లేకపోతే తక్కువైంది నత్రజని, అప్పుడు ఇప్పున్రి యూరియా సంచి.