ఇంట్లో ఏ ఓఎస్, ఆఫీసులో ఏ ఓఎస్: మీకు సరిపోయేది తేల్చుకోవడం ఎలా?

కంప్యూటర్‌ని నడిపించే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్)లలో ఒకటైన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసి సెలవు చెప్పేసింది. అప్పటి నుంచి మన విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపుకి పాత లాప్‌టాప్ పట్టుకెళ్తే తరచూ వినిపించే మాట: "సార్, దీంట్లో 11 ఎక్కదు. కొత్తది తీసేసుకోండి." కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం, ఆ మెషిన్‌తో మీరేం చేస్తారో ఒక్క ముక్క అడక్కుండా ఇచ్చేసిన సలహా.

ఆ ముక్క మనమే అడుగుదాం. విండోస్ గొప్పదా, మ్యాక్ గొప్పదా, ఉచితంగా దొరికే లినక్స్ గొప్పదా అని ఇంజనీరింగ్ హాస్టళ్లలో తెల్లవార్లూ వాదించుకోవచ్చు, తేలదు. మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లలో ఒక్కటి మాత్రం ఎటూ కదలనిది ఉంటుంది. ఓఎస్‌ని నిర్ణయించేది అదే. మీ ఇష్టం దాని తర్వాతే.

1. ఒక వారం పనులు కాగితం మీద రాయండి

మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు బ్రౌజర్‌లో అయిపోయే పనులు: బ్యాంకు, కరెంటు బిల్లు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, పిల్లల ఎప్‌సెట్ దరఖాస్తు, రైలు టికెట్లు. కుడివైపు, ప్రత్యేకంగా ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే తప్ప జరగని పనులు. ఎడమవైపు ఎంత పొడుగున్నా లెక్కలోకి రాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎక్కడైనా నడుస్తాయి. చూడాల్సింది కుడివైపు.

అక్కడ ట్యాలీ ఉంటే మిగతా వ్యాసం మీకు సరదాకే. ట్యాలీప్రైమ్ విండోస్ మీదే నడుస్తుంది. గాజువాకలో నాలుగైదు షాపుల లెక్కలు రాసిపెట్టే అకౌంటెంట్‌కి, జీఎస్టీ కోసం డిజిటల్ సంతకం టోకెన్ వాడే ఆడిటర్‌కి నేను విండోస్ తప్ప వేరే మాట చెప్పను. ఆటోక్యాడ్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉంది, లినక్స్‌కి లేదు. ఫోటోషాప్ సంగతీ అంతే. ఇంట్లో వాలరెంట్ ఆడే పిల్లాడు ఉంటే లినక్స్ గురించి అతనితో చర్చ పెట్టకండి. ఆ ఆటలో మోసాల్ని పట్టుకునే ప్రోగ్రాం లినక్స్‌ని దగ్గరికి కూడా రానివ్వదు.

అన్నింటికన్నా గట్టిగా కట్టిపడేసేది మన తెలుగు డీటీపీ. శుభలేఖలు, కరపత్రాలు చేసే షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షన్ లేదు. అయినా వదలరు, దానికి కారణం ఉంది. అను ఫాంట్లతో కొట్టిన మేటర్ యూనికోడ్ (అన్ని మెషిన్లకీ అర్థమయ్యే ఉమ్మడి కోడ్) కాదు. ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటిని తెలుగు ఆకారాల్లో చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని మెషిన్‌లో తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట కామాలు, బ్రాకెట్లు, ఏవో ఇంగ్లిష్ ముక్కలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి పోగైన పాత ఫైళ్లన్నీ అలాంటివే అయినప్పుడు, ఓఎస్ మార్చమని చెప్పడం అంటే షాపు మార్చమని చెప్పడమే. ఇంటి దగ్గర కొత్తగా తెలుగు టైప్ చేసేవాళ్లు మాత్రం మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి, రేపు ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు.

కుడివైపు ఖాళీగా మిగిలిందా? అయితే మీ చేతులు కట్టేసినవాళ్లు ఎవరూ లేరు. పింఛను, పాత ఫోటోలు, అమెరికాలో ఉన్న మనవడితో వీడియో కాల్ తప్ప వేరే పని లేని స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్ నాన్నగారిది సరిగ్గా ఈ లెక్కే. ఏటా ఇచ్చే జీవన్ ప్రమాణ్ కూడా ఇప్పుడు ఫోన్‌కి ముఖం చూపిస్తే అయిపోతుంది, దానికోసం విండోస్ ఉంచుకోనక్కర్లేదు.

2. ఆఫీసు మెషిన్ జోలికి వెళ్లకండి

రుషికొండ, మధురవాడ కంపెనీల లాప్‌టాప్‌లో ఏది ఉంటే అది. అది కంపెనీ సొత్తు. మీకు మ్యాక్ ఇష్టమైనా, లినక్స్ ఇష్టమైనా ఐటీ డిపార్ట్‌మెంట్‌కి అనవసరం. పెన్‌డ్రైవ్ పెట్టి ప్రయోగాలు చేస్తే హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి ఒక మధ్యే మార్గం ఉంది. విండోస్ 10, 11 రెండింట్లోనూ డబ్ల్యూఎస్ఎల్ అనే సదుపాయం ఉంది, విండోస్ లోపలే ఉబుంటు అనే లినక్స్ రకం టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే తెర) నడుస్తుంది. కంపెనీ ఒప్పుకుంటే అది చాలు. సీ, పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలకి కూడా ముందు ఇదే చెబుతాను. డిస్కుని ముక్కలు చేయాల్సిన పని లేదు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: వేళ్ల అలవాటు. పగలంతా ఆఫీసులో కంట్రోల్-సి నొక్కిన చేయి ఇంటికొచ్చి మ్యాక్‌లో కమాండ్-సి నొక్కాలంటే మొదట్లో విసుగే. మ్యాక్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆ రెండు కీలను తారుమారు చేసుకోవచ్చు. ఇంటి మెషిన్‌ని పని కోసం కూడా వాడేవాళ్లయితే, ఆఫీసులో ఉన్నదానికి దగ్గరగా ఉండేదే తీసుకోవడం నా లెక్కలో తెలివైన పని.

3. పాత మెషిన్ ఏం మోయగలదో చూడండి

లాప్‌టాప్ మీద స్టిక్కర్ కాకుండా, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి ప్రాసెసర్ పేరు చదవండి. ఐ5-8250యూ అని ఉంటే ఎనిమిదో తరం, ఐ5-7200యూ అని ఉంటే ఏడో తరం. ఇంటెల్‌లో విండోస్ 11 దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు కావాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఇవన్నీ చూసి ఎక్కుతుందో లేదో చెప్పేస్తుంది. కొన్ని మెషిన్లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (మెషిన్ ఆన్ అవగానే నడిచే మూల సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది. షాపువాడు "ఎక్కదు" అంటే ముందు అది చూపించమనండి.

4 జీబీ అని కాగితం మీద ఉన్నా, 8 జీబీ లేకుండా విండోస్ 11తో సుఖం లేదు. లోపల గుండ్రంగా తిరిగే పాత హార్డ్‌డిస్కు ఉన్న మెషిన్‌కి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ డిస్కు వేయించండి. ఏ ఓఎస్ మార్చినా రాని వేగం దాంతో వస్తుంది, ఖర్చు కొత్త లాప్‌టాప్‌లో చిన్న భాగం. నిర్ణయానికి ఇంకొంచెం టైమ్ కావాలంటే, ఇళ్లలో విండోస్ 10 వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం మైక్రోసాఫ్ట్ పెట్టింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరొచ్చు. చేయకూడనిది ఒకటే: ఎవరో ఇచ్చిన క్రాక్ విండోస్ వేయించుకుని, దాంట్లోనే నెట్‌బ్యాంకింగ్ చేయడం.

4. పోటీలో ఎవరెవరు

మ్యాక్ గురించి తక్కువే చెబుతాను. 2020 నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చిన దగ్గర్నుంచి బ్యాటరీ విషయంలో దానికి వంక పెట్టలేం. డబ్బుంటే, ట్యాలీ అక్కర్లేకపోతే కొనండి. కానీ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని ఇంటెల్ మ్యాక్‌బుక్ మాత్రం తీసుకోవద్దు. ఇంటెల్ మ్యాక్‌లకి టాహో అనే మ్యాక్ఓఎస్ 26 ఆఖరిదని యాపిల్ ముందే చెప్పేసింది.

గూగుల్ వాళ్ల క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ఉచితం. బ్రౌజర్ తప్ప వేరే అవసరం లేని పెద్దవాళ్లకి బాగుంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం రావు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, మొదటిసారి వచ్చేవాళ్లకి నా ఓటు మింట్ అనే రకానికి. స్టార్ట్ మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది, విండోస్ నుంచి వచ్చినవాళ్లు తడబడరు. ఉబుంటు 24.04 మీద కట్టిన మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్ మెషిన్‌కి అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకోండి.

5. ఏమీ చెరపకుండా నడిపి చూడండి

దీనికి ఒక సాయంత్రం కేటాయించండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నవి మాత్రం పోతాయి కాబట్టి ముందే తీసి పెట్టుకోండి. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (ఓఎస్ మొత్తం ఉండే ఒకే ఫైల్) దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ చేస్తే దాంతో మెషిన్ స్టార్ట్ (బూట్) అవదు.

లాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో కనపడీ కనపడకముందే బూట్ మెనూ కీ టకటకా నొక్కండి. డెల్, లెనోవో వాటికి సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో కొన్నిసార్లు ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో ఆన్ చేయాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉండేవాళ్లకి ఒక మాట: మన ఉప్పు గాలికి యూఎస్‌బీ పోర్టులు తుప్పు పడతాయి. పెన్‌డ్రైవ్ కనిపించకపోతే లినక్స్‌ని తిట్టే ముందు ఇంకో పోర్టులో పెట్టి చూడండి.

ఆ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుని, మింట్ డెస్క్‌టాప్ వచ్చాక ముచ్చటపడి వాల్‌పేపర్లు మార్చుకుంటూ కూర్చోవద్దు. వైఫై పట్టుకుందా, యూట్యూబ్‌లో సౌండ్ వస్తోందా, వెలుతురు తగ్గించే కీలు పనిచేస్తున్నాయా, కెమెరా కనిపిస్తోందా చూడండి. మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. నిద్ర లేవని లాప్‌టాప్ రోజూ చిరాకు పెడుతుంది.

ప్రింటర్‌ని తప్పకుండా కలపండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు వెంటనే కలుస్తాయి. మన ఆఫీసుల్లోనూ జిరాక్స్ షాపుల్లోనూ తరచూ కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం మొండిఘటం. అది కాప్ట్ అనే సొంత పద్ధతిలోనే మాట వింటుంది, లినక్స్‌లో దాని డ్రైవర్ ఎక్కించడం ఓపికున్నవాళ్ల పని. ఆ ప్రింటర్ మీదే మీ బతుకుదెరువు ఉంటే, ఒక విండోస్ మెషిన్‌ని దానికి వదిలేయండి.

తర్వాత తెలుగు టైపింగ్. విండోస్‌లో తెలుగు భాష చేర్చి, కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకుంటే అమ్మ అనడానికి ఇంగ్లిష్ అక్షరాలు కొడితే చాలు. విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. మింట్‌లో మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం వేసుకోవాలి, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ. అందులో ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు ఉంటాయి. పాత రోజుల నుంచి నెట్‌లో తెలుగు రాస్తున్నవాళ్ల వేళ్లకి ఆర్‌టీఎస్ వెంటనే పట్టుబడుతుంది. ఒత్తులు, "క్ష", "జ్ఞ" సరిగ్గా పడుతున్నాయో లేదో ఒక పేరా కొట్టి చూడండి.

ఎక్సెల్ ఫైల్ ఒకటి మింట్‌తో వచ్చే లిబ్రేఆఫీస్‌లో తెరవండి. మామూలు పట్టికలు బాగానే వస్తాయి. మాక్రోలు (పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాంలు) ఉన్న షీట్లు చాలాసార్లు పేచీ పెడతాయి, ఆఫీసు నుంచి వచ్చే షీట్లు అలాంటివైతే ఇక్కడే ఆగి ఆలోచించండి.

6. నచ్చితే పక్కపక్కనే పెట్టుకోండి

ముందు బ్యాకప్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరికి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోటోలు, సర్టిఫికెట్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో, ఇంకో కాపీ ఇంటి బయట ఎక్కడైనా, క్లౌడ్ అయినా సరే.

తర్వాత విండోస్‌లో రెండు పనులు. ఒకటి, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, దాని డిస్కులో లినక్స్ నుంచి ఏమీ రాయడానికి వీలుపడదు. రెండు, బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. కొత్త లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగ్స్ కదిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి దాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లాప్‌టాప్ బ్యాగ్‌లోనే పెట్టుకోకండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "విండోస్‌తో పాటు" అనే ఆప్షన్ ఎంచుకోండి. "డిస్కు మొత్తం చెరిపి" అనేది దాని దగ్గర్లోనే ఉంటుంది, తొందరపడకండి. మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది కాబట్టి లాప్‌టాప్‌కి ఛార్జింగ్ నిండుగా, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి.

అంతా అయ్యాక మళ్లీ విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉండొచ్చు. కంగారు వద్దు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీన్‌విచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఆ తేడానే ఐదున్నర గంటలు. మింట్ టెర్మినల్‌లో ఒక్క లైనుతో సర్దుకుంటుంది. "సెట్ లోకల్ ఆర్‌టీసీ" అని వెతికితే ఆ లైను దొరుకుతుంది.

ఆ పెన్‌డ్రైవ్‌ని చెరిపేయకండి. ఎప్పుడైనా విండోస్ బూట్ అవడం మానేస్తే దాంతో మెషిన్ తెరిచి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉన్న డిస్కయితే పైన రాసుకున్న 48 అంకెలు అప్పుడూ కావాలి.