పండ్ల సాగు పుస్తకానికి అధ్యాయాలు ఎలా విడగొట్టాలి

వాణిజ్య స్థాయిలో ఉష్ణమండల పండ్ల సాగు మీద పుస్తకం రాసే ఆలోచన ఉంటే, మామిడికో అధ్యాయం, అరటికో అధ్యాయం అని మొదలుపెట్టకండి. నీళ్లు, ఎరువులు, తెగుళ్లు అంటూ ప్రతిచోటా అదే పాట పాడాల్సి వస్తుంది. రైతు డబ్బు పెట్టేముందు ఏం అడుగుతాడో దాన్నిబట్టి విడగొట్టండి. మొదటి ప్రశ్న ఎలాగూ "కాపు ఎప్పుడొస్తుంది?" అనే. బొప్పాయి దాదాపు ఏడాదిలోనే చేతికొస్తుంది; విత్తనం నుంచి పెంచిన మాంగోస్టీన్‌కి 7, 8 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగాలి. ఈ రెండూ పక్కపక్కన పెడితే పెట్టుబడి లెక్క దానంతటదే అర్థమవుతుంది.

కోత అధ్యాయానికి మాత్రం పేజీలు ధారాళంగా ఇవ్వండి. మామిడి, అరటి, బొప్పాయి కోశాక కూడా పండుతాయి. అనాస, లిచీ, రంబుటాన్ అలా కాదు, కోసిన రోజు ఎంత తీపి ఉంటే అంతే. నిల్వ సంగతీ ఇక్కడే చెప్పాలి: పచ్చి అరటిని 13 డిగ్రీల సెల్సియస్ కంటే బాగా చల్లటి గదిలో ఉంచితే తొక్క మసకబారి బూడిదరంగుకు తిరుగుతుంది, సరిగా పండదు. నేల తయారీకి రెండు పేజీలు చాలు, అది అన్ని పుస్తకాల్లోనూ ఉండేదే. రకాల జాబితాను అనుబంధంలోకి తోసేయండి. త్వరగా పాతబడేది అదే.