పరిశీలన పాఠాలు – 4: విసుగు కంటికి కనపడదు

ఈసారి టైమ్ శాంప్లింగ్, అంటే సమయాన్ని చిన్న ముక్కలు చేసి గమనించే పద్ధతి చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో, క్లుప్తంగా. ముందు మూడో పాఠం సంగతి తేల్చాలి. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో 20 నిమిషాలు కూర్చుని, బస్సు కోసం ఎదురుచూసేవాళ్లను గమనించి రాయమన్నాను. మీ నోట్సులన్నీ చదివాను. ఎండలో వెళ్లి, ఓపికగా కూర్చుని రాశారు. ఆ శ్రద్ధ పేజీల్లో తెలుస్తోంది. కానీ దాదాపు అందరూ ఒకే గుంటలో కాలేశారు.

"గళ్ల చొక్కా ఆయన బస్సు ఆలస్యమైందని విసుగ్గా ఉన్నాడు." "ఒకావిడ బాగా టెన్షన్‌గా ఉంది." "పిల్లాడికి బోర్ కొట్టింది."

విసుగు ఎక్కడ కనపడింది? చొక్కా మీదా, చేతిలోనా? మీ కంటికి కనపడింది వేరే ఏదో. అది చూసిన మరుక్షణం మీ మనసు దానికి "విసుగు" అని పేరు పెట్టేసింది. మీరు ఆ పేరు రాసుకుని, చూసినదాన్ని బస్టాండులోనే వదిలేసి వచ్చారు.

గళ్ల చొక్కా గురించి రాసిన అమ్మాయికి ఫోన్ చేసి, ఆయన అసలేం చేశాడో గుర్తు తెచ్చుకోమన్నాను. చాలాసేపు పట్టింది. చివరికి ఇది వచ్చింది: "4:10. ప్లాట్‌ఫాం అంచుదాకా వచ్చాడు. బస్సులు లోపలికొచ్చే వైపు మెడ చాచి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, స్క్రీన్ చూసి, ఏమీ నొక్కకుండా మళ్లీ పెట్టుకున్నాడు. వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కుడి మోకాలు ఆడిస్తున్నాడు. 4:12కి మళ్లీ లేచాడు."

ఇదీ డేటా అంటే. విసుగే కావచ్చు. లేదా ఊరి నుంచి వస్తున్న కూతురి కోసం చూస్తున్నాడేమో, అప్పుడది ఆత్రం. మోకాలు ఆడించడం చిన్నప్పటి అలవాటేమో. ఏది నిజమైనా పైన రాసిన పనులు మారవు. రేపు ఇంకొకరు ఆ పేజీ చదివి, మీతో విభేదించి, వేరే పేరు పెట్టగలరు. "విసుగ్గా ఉన్నాడు" అనే వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు.

తెలుగులో ఈ ఉచ్చును పట్టుకోవడానికి ఒక దారి ఉంది. నోట్సులో "గా"తో ముగిసే ప్రతి మాట చుట్టూ సున్నా చుట్టండి. విసుగ్గా, కంగారుగా, దిగులుగా, కోపంగా, ప్రేమగా. ఒక్కోదాన్నీ అడగండి: దీన్ని కన్ను చూసిందా, మనసు చెప్పిందా? "నిటారుగా కూర్చుంది" ఉండొచ్చు, వీపు కనపడుతుంది. "దూరంగా నిలబడ్డాడు" కూడా ఉండొచ్చు, కానీ ఎన్ని అడుగులో రాస్తే మేలు. "ప్రేమగా అన్నం పెట్టింది" అంటే కొట్టేయండి. ముద్ద కలిపింది, ఊదింది, పిల్లాడి నోటికి అందించింది, రెండో చేత్తో గడ్డం కింద పట్టుకుంది. ఇలా రాస్తే ప్రేమ ఎక్కడికీ పోదు. "గా" లేకుండా దాక్కునేవి కూడా ఉన్నాయి: బతిమాలాడు, పట్టించుకోలేదు, సిగ్గుపడింది. "పట్టించుకోలేదు" అన్నది మీ నోట్సుల్లో మరీ ఎక్కువ. తల తిప్పలేదా? జవాబివ్వలేదా? అసలు వినపడలేదేమో!

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎంఏ చదివే రోజుల్లో నోట్‌బుక్ పట్టుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాను. బస్తాల పక్కన ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని, కండువా కొసతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. "ధర రాక ఏడుస్తున్న రైతు" అని రాసి, పేజీ అంతా ఆయన కష్టంతో నింపాను. తర్వాత దగ్గరికెళ్లి "ఏమైంది బాబాయ్?" అంటే, "ఘాటమ్మా, పొద్దుట్నుంచీ వీటి మధ్యే ఉన్నా" అన్నాడు. ఆయన సరుకును ఇంకా ఎవరూ బేరమే ఆడలేదు. మిరప ఘాటుకు కళ్లు మండుతాయని గుంటూరులో పుట్టిన నాకు తెలియదా? రైతు కష్టం చూడాలని వెళ్లాను, అదే కనపడింది.

1963లో మనస్తత్వ పరిశోధకులు రోజెంతాల్, ఫోడ్ చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. 12 మంది విద్యార్థులకు ఎలుకలిచ్చి, కొందరితో మీవి చురుకైనవి అన్నారు, మిగతావాళ్లతో మందమైనవి అన్నారు. నిజానికి ఎలుకల్లో ఆ తేడా లేదు. అయినా చురుకైనవని నమ్మినవాళ్ల లెక్కల్లోనే ఎలుకలు బాగా నేర్చుకున్నాయి.

మరి కోపం, దూకుడు లాంటివి కొలవలేమా? కొలవొచ్చు. 1961లో మనస్తత్వ శాస్త్రవేత్త బండూరా బృందం 72 మంది చిన్నపిల్లలతో చేసిన బోబో బొమ్మ (గాలి నింపిన పెద్ద బొమ్మ) ప్రయోగం చూడండి. పరిశీలకులు "దూకుడుగా ఉన్నాడు" అని రాయలేదు. సుత్తితో బొమ్మను కొట్టడం, దాని మీద కూర్చోవడం, ముక్కు మీద గుద్దడం, తన్నడం వంటి పనుల్ని ముందే నిర్ణయించుకుని, అవి జరిగాయా లేదా అని కాగితం మీద నమోదు చేశారు. ఒక్కో పిల్లాడికి 20 నిమిషాలు, 5 సెకన్ల ముక్కలు, ముక్కకో గడి చొప్పున మొత్తం 240 గడులు. టైమ్ శాంప్లింగ్ అంటే ఇదే. అరుదుగా జరిగే పనికి ఇది కుదరదు, జరిగినప్పుడల్లా రాసుకోవాలి.

మనకు 5 సెకన్లు కష్టం, 15 చాలు. పెన్సిలు, కాగితం వాడండి. ఫోన్ ఎత్తితే వీడియో తీస్తున్నారనుకుని మనుషులు సర్దుకుంటారు. నేను పేజీకి కుడివైపు రెండు వేళ్ల వెడల్పు గీత కొట్టుకుంటాను. ఊహలన్నీ ఆ సందులోకి పోతాయి. ఫొటోలు, పేర్లు వద్దు. ఎవరైనా అడిగితే చేస్తున్న పని చెప్పేయండి, ఇబ్బంది పడితే అక్కడితో ఆపేయండి.

అభ్యాసం. ఇద్దరు కలిసి వెళ్లాలి. అదే బస్టాండు, ఒకే మనిషి, 20 నిమిషాలు, 80 గడులు. గమనించాల్సింది ఒక్కటే పని: తల బస్సులొచ్చే వైపు తిరిగి కనీసం 2 సెకన్లు నిలవడం. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. ఇంటికొచ్చి పోల్చండి. ఉదాహరణకు 6 గడుల్లో ఇద్దరూ "అవును", 66 గడుల్లో ఇద్దరూ "కాదు", మిగిలిన 8లో నాలుగింట ఒకరే "అవును", మరో నాలుగింట రెండోవాళ్లే "అవును" అన్నారనుకోండి. 80కి 72, అంటే 90 శాతం కలిసింది. సంబరపడకండి. ఇద్దరూ పదేసి గడుల్లోనే "అవును" అన్నారు కాబట్టి, కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా 78 శాతం కలుస్తుంది. కోహెన్ అనే పరిశోధకుడు 1960లో ఇచ్చిన కప్పా అనే కొలత ఆ యాదృచ్ఛిక భాగాన్ని తీసేస్తుంది: 0.90లోంచి 0.78 తీసి, వచ్చినదాన్ని 1లోంచి 0.78 తీయగా మిగిలినదానితో భాగించండి. దాదాపు 0.54 వస్తుంది. 0.7 దాటేదాకా ఆ పని నిర్వచనాన్ని కూర్చుని సరిచేసుకుని, మళ్లీ వెళ్లండి. రెండు మూడుసార్లు వెళ్లాల్సి రావచ్చు.

కాగితాలు ఫెయిర్ చేయకుండా పంపండి. కొట్టివేతలు కూడా నాకు కావాలి.