వేసవిలో గారీ దీవికి బండితో వెళ్తున్నారా? ముందు పోటు వేళలు చూసుకోండి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న గారీ (2023 దాకా అధికారికంగా ఫ్రేజర్ ఐలాండ్) ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి. పొడవు 120 కిలోమీటర్ల పైచిలుకు. తూర్పు ఒడ్డే అక్కడి హైవే, అప్పుడప్పుడు చిన్న విమానాలకు రన్‌వే కూడా. అక్కడి వేసవి డిసెంబరులో మొదలవుతుంది. ఎండలు, భారీ వానలు, పెద్ద పోటులు అన్నీ అప్పుడే.

పోటు నిండే సమయానికి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత వరకు ఒడ్డు మీద బండి నడపకండి. తడిసి గట్టిపడిన ఇసుక నీళ్లలో మునిగి, పైనున్న పొడి ఇసుకే దారి అవుతుంది. అందులో దిగబడితే అలలు బండిని అందుకుంటాయి. నీరు తీస్తుండగా బయలుదేరితే, ఏదైనా అడ్డంకి వచ్చినా సమయం మిగులుతుంది.

లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉన్న, నేలకు ఎత్తుగా ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ బండే కావాలి. టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గించండి. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రం ఇంకా లోతుకు పోతుంది; ఇసుక తవ్వి, గాలి మరికాస్త తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. వానలయ్యాక వాగులు ఒడ్డును నిలువునా కోసేస్తాయి. గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు అని బోర్డున్నా, ఆ గట్లు ఆ వేగంలో కనబడవు.

డింగోలను (దీవిలో తిరిగే అడవి కుక్కలు) పెంపుడు కుక్కల్లా చూడొద్దు. పిల్లలు, టీనేజీ వాళ్లు కూడా, చేతికందేంత దూరంలోనే ఉండాలి. తిండి, చెత్త, టూత్‌పేస్ట్ బండిలో పెట్టి తాళం వేయండి. టెంటు వాటికి అడ్డు కాదు. దగ్గరికొస్తే పరుగెత్తొద్దు, పరుగు చూస్తే వెంటపడతాయి. చేతులు ఛాతీకి కట్టుకుని, దానివైపే చూస్తూ, మెల్లగా వెనక్కి నడవండి. ఇద్దరుంటే వీపులు ఆనించి నిలబడండి. చేతిలో కర్ర ఉంచుకోండి. తిండి పెడితే భారీ జరిమానా, అలవాటుపడిన డింగోకు చివరికి చావు.

సముద్రంలో దిగకపోవడమే మంచిది: లైఫ్‌గార్డులు లేరు, లోపలికి లాగే ప్రవాహాలు, సొరచేపలు ఉన్నాయి. వేలి గోరంత విషపు ఇరుకాంజీ జెల్లీఫిష్ నవంబరు నుంచి మే దాకా ఎక్కువ. కుడితే వెంటనే వెనిగర్ పోసి, అత్యవసర సహాయానికి 000కు ఫోన్ చేయండి. సిగ్నల్ అన్నిచోట్లా అందదు. ఈతకు దీవి లోపలి మెకెంజీ సరస్సు మేలు, సబ్బు మాత్రం వద్దు. అది వాన నీటి సరస్సు, బయటికి పోయే దారి లేదు.

2020లో నిబంధనలకు విరుద్ధంగా వేసిన ఒక క్యాంపు మంట నుంచే దీవి సగానికి పైగా కాలింది. అనుమతి ఉన్నచోట వేసినా, ఆర్పేది నీళ్లతోనే. ఇసుక కప్పితే కింద నిప్పు గంటల తరబడి వేడిగానే ఉంటుంది, పైన అడుగేసిన వాళ్ల పాదాలు కాలతాయి.