అధికార పోరును చదవడం – 4వ పాఠం: ముందు తేదీలు, తర్వాతే పేర్లు

1951లో పురుషోత్తమదాస్ టండన్ కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఎందుకు వదులుకున్నారని పోయిన పాఠంలో అడిగాను. ఎక్కువమంది ‘నెహ్రూ, పటేల్‌ల గొడవ’ అని రాసి ఊరుకున్నారు. కాబట్టి ఈసారి అనుకున్న గవర్నర్ల పాఠం వచ్చేసారికి; ఇవాళ ఆ జవాబునే సరిచేద్దాం.

పటేల్ 1950 డిసెంబర్ 15న చనిపోయారు. టండన్ దిగిపోయింది 1951 సెప్టెంబర్‌లో. మధ్యలో తొమ్మిది నెలల దూరం ఉంది. ఆ గొడవ లేదని కాదు. 1950 ఆగస్టులో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో పటేల్ అండ టండన్‌కే; నెహ్రూ మొగ్గు ఆయన పోటీదారు కృపలానీ వైపు. టండన్‌కు 1306 ఓట్లు, కృపలానీకి 1092. అక్కడిదాకా మీ జవాబు సరే. కానీ పటేల్ పోయాక జరిగిన ప్రతి కదలికనూ ఆయన ఖాతాలోనే వేస్తే, బతికున్నవాళ్లు ఏం కోరుకున్నారో మీకు కనబడదు. 1951 ఆగస్టు గురించి రాసే వాక్యంలో పటేల్ పేరు వచ్చిందంటే, కొట్టేసి మళ్ళీ రాయండి. ఈ విషయంలో నేను పట్టువిడవను.

ఇప్పుడు అసలు ప్రశ్న: టండన్ గెలిచిన ఏడాదికి నెహ్రూతో ఆయన పోరు ఎందుకు ముదిరింది? ఎందుకంటే మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబర్‌లో మొదలవుతున్నాయి. టికెట్లు ఎవరు పంచితే రేపటి పార్లమెంటులో మనుషులు వాళ్లవాళ్లే. ఆగస్టులో నెహ్రూ ఏం వదిలారో గమనించండి: పార్టీని నడిపే వర్కింగ్ కమిటీని, అభ్యర్థులను ఎంపిక చేసే కేంద్ర ఎన్నికల కమిటీని. ప్రధాని పదవిని కాదు. ఆయన ముఖం లేకుండా ఓట్లడగడం పార్టీకి అయ్యే పని కాదు. టండన్ తప్పుకున్నారు, నెహ్రూయే అధ్యక్షుడయ్యారు.

నా పద్ధతి ఒకటే. సిద్ధాంతాల జోలికి పోకముందు, ఆ నెలలో ఏ పదవికి ఏ పని చేసే అధికారం ఉందో రాసుకుంటాను. 1951లోనే ఆంధ్రలో సంజీవరెడ్డి చేతిలో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక ఓడిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా, ఆయనతోపాటు ప్రకాశం పార్టీ వదిలిందీ ఇలాగే చదవండి.

అభ్యాసం కష్టమైనదే, వారమంతా తీసుకోండి. 1952లో మద్రాసు శాసనసభలో 375 స్థానాలకు కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. ప్రకాశం నాయకత్వంలో ప్రతిపక్షాలు కూటమి కట్టాయి. గవర్నర్ శ్రీప్రకాశ మాత్రం ఎన్నికల్లో నిలబడని కాంగ్రెస్ నేత రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి, ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నారు. గవర్నర్, రాజాజీ, ప్రకాశం, ఢిల్లీ: ఏప్రిల్ మొదటి వారానికి ఈ నలుగురి చేతుల్లో ఏముందో ఒక్కో పేరా రాయండి. మంచివాడు, చెడ్డవాడు అనే మాటలు ఎక్కడా రాకూడదు.